మన మీద రాసిన ఇంగ్లీషు మాటలు

పోస్టు పెద్దదే. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ఇది ఇంగ్లీషు వొకాబులరీ గురించి, చరిత్ర గురించి కూడా. మా హాస్టల్లో గ్రూప్స్‌కి, బ్యాంకుకి, ఎస్సై పరీక్షకి చదివేవాళ్ళు ఎక్కువ. ప్రతి రూములో గోడకి ఒక చార్టు అంటించి ఉంటుంది. ఉబిక్విటస్ అంటే అంతటా ఉండేది. మెటిక్యులస్ అంటే ప్రతి చిన్నదీ జాగ్రత్తగా చూసుకునేవాడు. ఎఫెమరల్ అంటే కాసేపు ఉండి పోయేది. పొద్దున పది మాటలు, రాత్రి పది మాటలు. వారం తిరిగేసరికి సగం మర్చిపోతాం. ఆ మాటలు మన గడప ఎప్పుడూ తొక్కలేదు, అందుకే నిలబడవు. మా అమ్మకి ఎఫెమరల్‌తో ఏ రోజూ పని పడలేదు.

కానీ ఇంకో రకం కష్టమైన ఇంగ్లీషు మాటలున్నాయి. అవి నూట ఎనభై ఏళ్ళకి పైగా మన ఊళ్ళ చుట్టూనే తిరుగుతున్నాయి. మన భూమి మీద, అడవి మీద, కులం సర్టిఫికెట్ మీద, ఉద్యోగం మీద రాసి ఉన్నాయి. వాటి అర్థం మనకన్నా ముందు ఎదుటివాళ్ళకి తెలిసింది. మన చరిత్రలో చాలా దెబ్బలు అక్కడే తగిలాయి. నేను డిగ్రీలో హిస్టరీ చదువుతున్నాను కాబట్టి ఆ మాటల్ని ఒక్కొక్కటిగా, అవి పుట్టిన చోటు చూసుకుంటూ రాసుకున్నాను. అవే ఇక్కడ పెడుతున్నాను.

మొదట మనం రోజూ వాడే మాట. ఏజెన్సీ.

"మీది ఎక్కడ?" అంటే "ఏజెన్సీ అండీ" అంటాం. మన్యం అనే మంచి మాట ఉన్నా నోటికి ఏజెన్సీ అనే వస్తుంది. అదేదో గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ లాంటి మాట మన కొండలకి ఎలా అంటుకుంది? 1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో పర్లాకిమిడి వైపు, ఇంకా చాలా చోట్ల తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి కంపెనీ ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. మామూలు కోర్టులు, మామూలు రూల్సు ఈ కొండల్లో నడవవని అతను సలహా ఇచ్చాడు. దాని మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. కొండ ప్రాంతాల్ని మామూలు చట్టాల నుంచి తీసేసి, జిల్లా కలెక్టరుని మద్రాసు గవర్నరుకి ఏజెంటుగా పెట్టారు. పన్ను వసూలు అతనే, పోలీసు అతనే, జడ్జీ అతనే. ఆ ఏజెంటు చేతి కింద ఉన్న నేల కాబట్టి అది ఏజెన్సీ అయింది.

లాటిన్‌లో ఆగెరె అంటే చేయడం. ఏజెంటు అంటే ఇంకొకరి తరఫున పని చేసేవాడు. అంటే మన ప్రాంతానికి పేరు మన కొండ నుంచి, వాగు నుంచి, మనుషుల నుంచి రాలేదు. మనల్ని పాలించడానికి వచ్చినవాడి ఉద్యోగం పేరే మన ఊరి పేరు అయింది. ఇప్పటికీ ఏజెన్సీ భూముల కేసుల్లో కలెక్టరు గారిని ఏజెంట్ టు గవర్నమెంట్ అనే రాస్తారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సోషియాలజీ పుస్తకాల్లో ఏజెన్సీ అనే మాటకి వేరే అర్థం ఉంటుంది. మనిషి తన సంగతి తను తేల్చుకుని, తన పని తను చేసుకోగలిగే శక్తిని ఏజెన్సీ అంటారు. "ఈ ఆడవాళ్ళకి ఏజెన్సీ ఉందా" అని పరీక్షలో ప్రశ్న వస్తుంది. ఒకే మాట. ఒకదాంట్లో మన తరఫున ఇంకొకడు తేలుస్తాడు, ఇంకోదాంట్లో మనమే తేల్చుకుంటాం. పీజీ ఎంట్రన్సుకి చదివేవాళ్ళు రెండు అర్థాలూ రాసుకోండి, తికమక పెట్టడానికి అడుగుతారు.

రెండో మాట ఎక్స్ పార్టీ. ఇది కోర్టు మాట. లాటిన్‌లో "ఒక పక్క నుంచి" అని అర్థం. కేసులో రెండో మనిషి హాజరు కాకపోతే, వచ్చినవాడి మాట ఒక్కటే విని ఇచ్చే తీర్పుని ఎక్స్ పార్టీ డిక్రీ అంటారు.

1879 రంప తిరుగుబాటు గురించి అందరికీ కొంత తెలుసు. కారం తమ్మన్నదొర పేరు కూడా వినే ఉంటారు. కారణం అడిగితే కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ అని చెప్తాం. అది నిజమే. ఇంటి వాడకానికి కూడా కల్లు గీసుకోకూడదన్నారు, కల్లు పాటని బయటి కాంట్రాక్టర్లకి ఇచ్చారు, మన్సబుదారు చిగురు పన్ను అని పైన ఇంకోటి వేశాడు. కానీ ప్రభుత్వ విచారణలోనే తేలిన ఇంకో కారణం ఉంది, దాన్ని మనం తక్కువ చెప్పుకుంటాం. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండోళ్ళ చేత కాగితాలు రాయించుకునేవాళ్ళు. ఆ కాగితాల మీద కిందున్న కోర్టులో దావా వేసేవాళ్ళు. సమన్లు ఎవరికి అందేవో, ఎవరు చదివేవాళ్ళో దేవుడికి తెలియాలి. కొండ దిగి కోర్టుకి వెళ్ళేవాడు లేడు. ఎక్స్ పార్టీ డిక్రీ వచ్చేది. డిక్రీ పట్టుకుని వచ్చి పశువుల్ని, పంటని తోలుకుపోయేవాళ్ళు. 5 రూపాయల అప్పుకి 100 రూపాయల సొత్తు పట్టుకుపోయిన కేసు పాత గోదావరి జిల్లా గెజిటీరులో కూడా ఎక్కింది. ఇదంతా సర్కారు ఆర్డరే అని మనోళ్ళు అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు, కాగితం మీద ముద్ర ఉంది కదా.

దాంతో లేచారు. ఇంగ్లీషు రికార్డుల్లో దాన్ని పితూరీ అనే రాశారు, రంప పితూరీ అని. ఆ మాట అరబిక్ నుంచి ఉర్దూ దారిలో తెలుగుకి వచ్చింది. తిరుగుబాటు అని దాని అర్థం. ఇప్పుడు తెలుగులో పితూరీ అంటే ఏమైంది? "సార్ దగ్గర పితూరీలు చెప్తున్నాడు" అంటాం. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పడం అయింది. కత్తి, విల్లు పట్టుకుని లేచిన మాట చివరికి వార్డెన్ గది ముందు నిలబడింది. మాటలు కూడా మనుషుల్లాగే చితికిపోతాయి అనిపిస్తుంది నాకు.

తర్వాతది రిజర్వ్. ఈ మాట అందరికీ వచ్చు అనుకుంటాం. బస్సులో సీటు రిజర్వ్, ఉద్యోగంలో రిజర్వేషన్. వెనక్కి తీసి దాచి ఉంచడం అని అసలు అర్థం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ప్రభుత్వం ఏ అడవిని కావాలంటే దాన్ని రిజర్వ్ ఫారెస్టు అని ప్రకటించవచ్చు. ఎవరి కోసం దాచారు? రైలు పట్టాల కింద వేసే దుంగల కోసం, కలప రాబడి కోసం. ఎవరి నుంచి దాచారు? పోడు కొట్టుకునే మన నుంచి, కట్టె ఏరుకునే మన నుంచి. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర వాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా పడ్డారంటే దాని వెనక ఈ మాట ఉంది. పోడు ఆపారు, ఘాట్ రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారు, జనం విసిగిపోయారు.

అదే రిజర్వ్ అనే మాట రాజ్యాంగంలోకి వచ్చి మనకి సీటు ఇచ్చింది. నేను కాలేజీలో కూర్చున్నది ఆ మాట వల్లే. మా నాన్న అడవిలోకి వెళ్తే గార్డు ఆపేదీ ఆ మాట వల్లే. "రిజర్వేషన్ ఎంతకాలం?" అని క్లాసులో ఎవరైనా అడిగితే, ఏ రిజర్వేషన్ అని అడగండి. 1882దా, 1950దా?

అడవి రిజర్వ్ అయ్యాక అందులో ఉన్నవాడు ఎన్‌క్రోచర్ అయ్యాడు. ఆక్రమణదారు. పాత ఫ్రెంచిలో కొక్కేనికి ఉన్న మాట నుంచి ఇది పుట్టింది. కొక్కెం వేసి పక్కవాడిది లాక్కోవడం. తాత ముత్తాతల నుంచి ఉన్నవాడు కొక్కెం వేసినవాడు అయ్యాడు, గీత తర్వాత గీసినా. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు ఆ అన్యాయాన్ని పార్లమెంటే ఒప్పుకుంది. చట్టం ముందుమాటలోనే చారిత్రక అన్యాయం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. ఇంకోటి కూడా గమనించండి. చట్టం పేరులో ఉన్న మాట రికగ్నిషన్. గ్రాంట్ కాదు. గ్రాంట్ అంటే లేనిది ఇవ్వడం. రికగ్నిషన్ అంటే ముందే ఉన్నదాన్ని గుర్తించడం. పట్టాల పంపిణీ సభలో మైకు పట్టుకుని "మేము మీకు భూమి ఇచ్చాం" అని ఎవరు చెప్పినా, చట్టం మాత్రం అలా అనడం లేదు.

ఈ చట్టం దగ్గరే మా ఊళ్ళో జరిగినది చెప్పాలి. మా పెదనాన్న పోడు భూమికి దరఖాస్తు పెట్టాడు. కొన్ని నెలలకి ఒక కాగితం వచ్చింది, మొత్తం ఇంగ్లీషు. ఏ ఆఫీసు అని చెప్పను. అందులో ముఖ్యమైన ముక్క ఇంతే: రిజెక్టెడ్ ఫర్ వాంట్ ఆఫ్ ఎవిడెన్స్. నేను అప్పుడు ఇంటర్, దూరంగా హాస్టల్లో ఉన్నాను. ఊళ్ళో చదివేవాళ్ళు లేక మండలంలో జిరాక్స్ షాపు దగ్గర చదివించారు. వాంట్ అంటే కావాలి కదా, "ఎవిడెన్స్ కావాలంట, తెస్తే చూస్తారంట" అని చెప్పి పంపారు. పెదనాన్న ఇంటికొచ్చి పాత శిస్తు రసీదులు, కార్డులు వెతికి మూట కట్టి, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

వాంట్ ఆఫ్ అంటే లేకపోవడం. ఇది పాత ఇంగ్లీషు వాడుక, కోర్టుల్లో, ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. ఫర్ వాంట్ ఆఫ్ ఎవిడెన్స్ అంటే "సాక్ష్యం లేనందున". అంటే అడగడం లేదు, తలుపు మూసేశారు. చట్టం ప్రకారం పై కమిటీకి అప్పీలు పెట్టుకోవడానికి 60 రోజులు. ఆ 60 రోజులూ మూట కట్టుకుని ఎదురుచూడడంలోనే పోయాయి. చార్టులో వాంట్ అనే మాట ఎవడూ రాయడు, ఒకటో క్లాసు మాట కదా. పెద్ద మాటలకన్నా ఇలాంటి చిన్న మాటలే ఎక్కువ ముంచుతాయి.

ఊళ్ళో ఇలాంటి కాగితాలు వచ్చినవాళ్ళు ఉంటే ఈ రెండు ముక్కలు చెప్పండి. సాక్ష్యం అంటే రసీదులే కానక్కర్లేదు. 2008 రూల్సు ప్రకారం ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి ఇచ్చినా సాక్ష్యమే. దరఖాస్తు పెట్టినవాడు కాకుండా వేరే పెద్ద చెప్పాలి. పాత ఇల్లు, గట్లు, చదును చేసిన నేల, బావులు, సమాధులు కూడా లెక్కలోకి వస్తాయి. రెండోది, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. 2019 ఫిబ్రవరి 13న తిరస్కరించిన దరఖాస్తుదారుల్ని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆర్డరు ఇచ్చి, అదే నెల 28న తనే ఆపింది. ఆ రెండు వారాలు మన ఊళ్ళలో ఎంత భయం నడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. రిజెక్టెడ్ అనే ఒక్క మాటకి అంత బరువు ఉంది.

మనల్ని పిలిచిన మాటల సంగతి త్వరగా చెప్పేస్తాను, వాటి మీద కోపం తప్ప ఎక్కువ లేదు. శావేజ్ అంటే అనాగరికుడు అని రాసుంటుంది. దాని వెనక ఉన్న లాటిన్ మాటకి అర్థం అడవి, అంతే. అడవిలో ఉండేవాడు అని మొదలై తిట్టు అయింది. ఫారెస్ట్ అనే మాట వెనక బయట అనే అర్థం ఉంది. ట్రైబ్ అనేది రోమ్ నగరంలో వాళ్ళ సొంత జనాన్ని పంచుకున్న భాగాలకి పెట్టుకున్న పేరు. ట్రిబ్యునల్, ట్రిబ్యూట్, కాంట్రిబ్యూట్, డిస్ట్రిబ్యూట్ అన్నీ ఆ వేరు నుంచే వచ్చాయి. వేరు ఒకటి పట్టుకుంటే ఐదు మాటలు వస్తాయి, పరీక్షకి ఇదే సులువు.

ప్రిమిటివ్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. చెంచులు, కొండరెడ్లు, కోలాములు, తోటీలు వంటి వాళ్ళని ప్రభుత్వం చాలా ఏళ్ళు ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్ అని రాసింది. వెనకబడినవాళ్ళు, మొరటువాళ్ళు అనే ధ్వని ఉందని 2006లో దాన్ని పర్టిక్యులర్లీ వల్నరబుల్ అని మార్చారు. వల్నరబుల్ వెనక గాయం అనే లాటిన్ మాట ఉంది. తేలిగ్గా గాయపడేవాళ్ళు అని. ప్రిమిటివ్ వెనక ఉన్న ప్రిముస్ అంటే మొదటి. ఆది. అంటే ప్రిమిటివ్, ఆదివాసీ రెండూ ఒకే అర్థంలోంచి బయల్దేరాయి. ఒకటి తిట్టుగా తేలింది, ఒకటి గౌరవంగా తేలింది. ఎవరు ఎవర్ని పిలిచారు అన్నదే తేడా.

ఈ సంగతి జైపాల్ సింగ్ ముండాకి బాగా తెలుసు. రాంచీ వైపు ముండా కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి మన హాకీ టీముకి కెప్టెన్‌గా వెళ్ళినాయన. రాజ్యాంగ సభలో మన తరఫున గట్టిగా మాట్లాడింది ఆయనే. హిందీ అనువాదంలో ఆదివాసీ అని రాయకుండా బనజాతి అని ఎందుకు రాశారని నిలదీశాడు. ఒక్క మాట కోసం సభలో నిలబడి కొట్లాడాడు. ఓడిపోయాడు. రాజ్యాంగంలో షెడ్యూల్డ్ ట్రైబ్ ఉంది, ఆదివాసీ లేదు. షెడ్యూల్ అంటే చిన్న కాగితం ముక్క, జాబితా.

ఎరుకల అన్నలు, అక్కలు ఈ గ్రూపులో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. నోటిఫైడ్. మనకి నోటిఫికేషన్ అంటే ఉద్యోగం గుర్తొస్తుంది, సంతోషం. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో నోటిఫై చేయడం అంటే పుట్టిన పిల్లాడితో సహా కులం మొత్తాన్ని నేరస్తులని ప్రకటించడం. నేరాలకి అడిక్టెడ్ అని రాశారు చట్టంలో. తాగుడుకి బానిస అంటాం చూడండి, ఆ మాట. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా పెట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్ళయ్యాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అప్పుడు వాళ్ళు డీనోటిఫైడ్ అయ్యారు. మచ్చ తీసేశామని చెప్పడానికి పెట్టిన పేరులో కూడా మచ్చ అలాగే ఉంది.

ఇక అసలు మాట. పర్సన్.

ఇంతకన్నా తేలిక మాట ఇంగ్లీషులో లేదు. మనిషి. కానీ మన చరిత్రలో దీనంత విలువైన మాట ఇంకోటి నాకు కనబడలేదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూములు మనోళ్ళ నుంచి బయటివాళ్ళకి ఏజెంటు అనుమతి లేకుండా పోకూడదని చట్టం చేసింది. ఆగలేదు. 1959లో ఆంధ్రప్రదేశ్ ఒకటో నంబరు రెగ్యులేషన్ చేసింది, 1963లో తెలంగాణ వైపు షెడ్యూల్డ్ ప్రాంతాలకి కూడా పెట్టింది. ఆగలేదు. శ్రీకాకుళం కొండల్లో రక్తం పారాక, 1970లో దాన్ని గట్టిగా మార్చారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది.

దాంట్లో రెండు చోట్ల ఇంగ్లీషు చూడండి. మొదటిది ప్రిజ్యూమ్. ముందే అలా అని అనుకోవడం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, వేరేలా రుజువయ్యే వరకూ, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ప్రిజ్యూమ్ చేయాలి. రంప రోజుల్లో కాగితం ఉన్నవాడు గెలిచాడు. ఇక్కడ రుజువు చేసుకోవాల్సిన బరువు అటు పక్కకి వెళ్ళింది. రెండోది, భూమి బదిలీ చేసే పర్సన్ గిరిజనుడైనా కాకపోయినా ఆ బదిలీ చెల్లదు, తీసుకునేది గిరిజనుడో గిరిజనుల సొసైటీయో అయితే తప్ప. వెదర్ ఆర్ నాట్ అనే మూడు చిన్న మాటలతో ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకునే దారి మూసుకుపోయింది. దీన్ని సుప్రీంకోర్టు 1988లో సరే అంది.

ఇప్పుడు కథ అనంతగిరి మండలం బొర్రా వైపు వస్తుంది. అరకు రైల్లో బొర్రా గుహలు చూడటానికి వెళ్తాం కదా, ఆ చుట్టుపక్కల ఊళ్ళే. అక్కడ ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకి వెళ్ళింది. ప్రభుత్వం వాదన ఏమిటంటే, చట్టం ఆపింది పర్సన్ చేసే బదిలీని, ప్రభుత్వం పర్సన్ కాదు, కాబట్టి ప్రభుత్వ భూమి ఎవరికైనా ఇవ్వొచ్చు. హైకోర్టు ఈ వాదన ఒప్పుకుంది. సమత ఓడింది. మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1997 జులై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్, పర్సన్ అంటే ప్రభుత్వం కూడా అని తేల్చారు. మూడో ఆయన, జస్టిస్ పట్నాయక్, ఒప్పుకోలేదు. ఒక్క జడ్జీ తేడా. ప్రైవేటు కంపెనీల లీజులు చెల్లకుండా పోయాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం పనులకి పక్కన పెట్టాలని కూడా తీర్పులో ఉంది.

పర్సన్ అనే మాట లాటిన్‌లో నాటకం ఆడేవాడి ముసుగు నుంచి వచ్చింది. ముసుగు తీసి చూస్తే ఎవరున్నారు అన్నదే ఆ కేసులో ప్రశ్న అని నాకు చదువుతుంటే అనిపించింది. ఇది నా సొంత ఊహ, పరీక్షలో రాయకండి.

గెలిచిన మాట చెప్పాను కాబట్టి ఓడిన మాట కూడా చెప్పాలి. నాట్‌విత్‌స్టాండింగ్. టీచరు ఉద్యోగం ఆశతో డీఈడీ, బీఈడీ చేసిన అక్కలకి, అన్నలకి ఈ మాట గుండెకి తగిలే మాట. "అది ఉన్నప్పటికీ, దాన్ని పక్కన పెట్టి" అని అర్థం. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఐదో పేరా ఈ మాటతోనే మొదలవుతుంది. రాజ్యాంగంలో ఏమి ఉన్నప్పటికీ గవర్నరు ఒక చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ చెప్పొచ్చు. ఈ అధికారం మీదే 2000 జనవరి 10న జీవో నంబరు 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే. సార్లు కొండెక్కి రాకపోవడం వల్ల బడులు మూతబడి ఉండేవి కాబట్టి ఆ జీవో పుట్టింది. 2020 ఏప్రిల్ 22న, అందరం లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో ఉన్నప్పుడు, ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. ఆ నాట్‌విత్‌స్టాండింగ్ ఎంత పెద్దగా ఉన్నా ప్రాథమిక హక్కుల్ని దాటలేదని, ఉన్న చట్టాన్ని మార్చడానికే గానీ కొత్త చట్టం చేయడానికి అది పనికిరాదని చెప్పింది. తీర్పు మీద నాకు కోపమే. అయినా మొత్తం చదివాను. వాళ్ళు ఏ మాట పట్టుకుని కొట్టేశారో తెలియకపోతే, ఎలా రాయమని ప్రభుత్వాన్ని అడగాలో మనకి తెలియదు.

"ఇన్ని ఎలా గుర్తుంటాయి?" అని మా రూమ్మేటు అడిగాడు. మన సొంత భాషలోంచి వెళ్తే ఉంటాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. వాడుక తెలుగు కోసం కొట్లాడినాయనగా అందరికీ తెలుసు గానీ, 1930ల్లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసిన సవర వ్యాకరణం, సవర ఇంగ్లీషు నిఘంటువు ఆయన పనే. అంటే సవర మాటకి ఎదురుగా ఇంగ్లీషు మాట, మధ్యలో తెలుగు లేకుండా. అటు ఆసిఫాబాద్ వైపు, కొమురం భీం జోడేఘాట్‌లో 1940లో చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన ఉన్న మార్లవాయిలో 1943లో గోండు టీచర్లని తయారు చేయడం మొదలుపెట్టి, గోండీలో వాచకాలు రాయించారు. నేను కూడా నోట్సులో మూడు గడులు గీస్తాను. ఇంగ్లీషు మాట, మా ఇంట్లో దానికి ఏమంటారో అది, ఆ మాట వల్ల ఎక్కడ ఎవరికి ఏం జరిగిందో అది. మూడో గడి నిండిన మాట ఇప్పటివరకూ ఒక్కటీ మర్చిపోలేదు.

ఇంకా రెండు మాటలు చెప్పి ఆపుతాను. కన్సల్ట్, కన్సెంట్. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కన్సల్ట్ అంటే అడగడం, సలహా తీసుకోవడం. అడిగాక వినాలని లేదు. కన్సెంట్ అంటే ఒప్పుకోవడం. ఒప్పుకోకపోతే పని జరగకూడదు. 1996 పెసా చట్టంలో భూసేకరణ గురించి ఉన్నది కన్సల్ట్. 2013 భూసేకరణ చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతాలకి కన్సెంట్ అని వచ్చింది. మీ ఊళ్ళో గ్రామసభ పెట్టి రిజిస్టర్ మీద సంతకాలు అడిగినప్పుడు, పైన రాసిన హెడ్డింగులో ఈ రెండిట్లో ఏది ఉందో ముందు చూడండి. "మీటింగుకి వచ్చినట్టు సంతకం పెట్టండి" అని తీసుకున్న కాగితం తర్వాత ఏ ఫైల్లో తేలుతుందో చెప్పలేం.

మన పార్వతీపురానికి అవతల ఒడిశాలో నియమగిరి కొండ ఉంది. వేదాంత కంపెనీ రిఫైనరీకి అక్కడ బాక్సైట్ తవ్వాలని చూశారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ సంగతి గ్రామసభల్నే తేల్చమంది. రాయగడ జిల్లాలో 7 ఊళ్ళు, కలహండిలో 5 ఊళ్ళు, మొత్తం 12. సభకి జిల్లా జడ్జి వచ్చి కూర్చున్నారు. డోంగ్రియా కోందులు మాట్లాడేది కువి, మన అరకు వైపు సామంతులు మాట్లాడేదీ కువియే. ఒక్కొక్కరూ లేచి, ఆ కొండ తమ నియమరాజు ఇల్లు అని చెప్పారు. జులైలో మొదలై ఆగస్టు 19తో అయిపోయాయి. 12 చోట్లా వద్దనే అన్నారు. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ గనికి అనుమతి లేదని చెప్పింది.